ఖాళీ గదికి కొత్త కర్టెన్లు

కొలతల టేపు ఆమెది. తొమ్మిదేళ్ళుగా మెడలోంచి దిగని టేపు. స్నానానికి వెళ్తూ తలుపు గడియకి తగిలించింది. తిరిగి వచ్చేసరికి అది భర్త చేతిలో ఉంది. ఆదివారం పొద్దున్న, కాఫీ కప్పు కిటికీలో పెట్టుకుని, ఆయన గది గోడలు కొలుస్తున్నాడు. అంగుళాల వైపు కొలిచి సెంటీమీటర్ల వైపు చదువుతున్నాడు. ఆ లెక్కన గది వీధి చివరిదాకా ఉంది.

“అన్నయ్యా వదినా శుక్రవారం వస్తున్నారు. నాలుగు రోజులుంటారట. ఈ ఖాళీ గదిని కాస్త గెస్ట్ రూములా చేద్దాం,” అన్నాడు.

ఖాళీ గది అన్నమాట. ఆమె తడి తల తువ్వాలుతో వత్తుకుంటూ గదిని ఒకసారి చూసింది. కిటికీ కింద కుట్టుమిషను. దాని పక్కన పాత చెక్క తలుపుని రెండు స్టాండ్ల మీద పడుకోబెట్టి చేసుకున్న కత్తిరింపుల బల్ల. గోడకి వరసగా మేకులు, మేకులకి బడి పిల్లల యూనిఫారాలు, సగం కుట్టినవి ఇటు, కుట్టవలసినవి అటు. గుండీల డబ్బాలు, సుద్దముక్కలు, బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళకి రాసిచ్చే చీటీల పుస్తకం. బడి రేపు కాక పై సోమవారం తెరుస్తారు. నలభై జతల్లో పదిహేడు ఇంకా కత్తెర కూడా చూడలేదు. వీధిలో సగం మంది ఆమెను టైలరక్క అని పిలుస్తారు, మిగతా సగానికి ఆ ఇంటి అడ్రసే ‘టైలరక్క ఇల్లు’. ఇంటాయన మాత్రం ఆ గదిలో తొమ్మిదేళ్ళుగా ఏమీ చూడలేదు.

ఒళ్ళు మండింది. కానీ ఆయనకి ఈ గెస్ట్ రూము పిచ్చి ఎక్కడ పట్టుకుందో ఆమెకు తెలుసు. ఆఫీసులో పక్క సీటాయన కొత్త ఫ్లాటు కొన్నాడు. గృహప్రవేశానికి వెళ్ళినవాళ్ళందరికీ ఒక గది తలుపు తీసి, లైటు వేసి, ఆర్పి, “ఇది గెస్టులకి” అని చూపించాడు. ఆ లైటు వెలిగి ఆరినప్పటినుంచీ ఈయనకి అన్నం సయించడం లేదు.

ఖర్చు నెల పెట్రోలు డబ్బు దాటకూడదన్నాడు. రంగు ఒక గోడకి వేస్తే చాలన్నాడు, బట్ట కొంటే మిగతాది నీ చేతిలో పనే కదా అన్నాడు. చెప్పేవాడికి వినేవాళ్ళు లోకువ. ఆమె టేపు ఆయన చేతిలోంచి తీసుకుని మెడలో వేసుకుంది.

“నాలుగు రోజులేనా?” అని అడిగింది.

“నాలుగు రోజులే. వాళ్ళు వెళ్ళాక నీ దుకాణం నువ్వు పెట్టుకో.”

ఇక్కడొక నిజం చెప్పుకోవాలి. ఆమె ఒప్పుకుంది ఆయన కోసం కాదు. తొమ్మిదేళ్ళుగా ఆమె చేతుల్లోంచి వెళ్ళింది తెల్ల బట్ట, బూడిద రంగు బట్ట. ఆ రెండే. రంగు బట్ట కొనమని ఎవరైనా అడగడం ఇదే మొదటిసారి. ఆ సాయంత్రం యూనిఫారం జేబులు కుడుతూ కూడా ఆమె మనసు కర్టెన్ల మీదే ఉంది.

*

సోమవారం గోడ మేకులు పీకింది. ఒక్కో మేకు ఊడినప్పుడు సున్నం పెచ్చుతో సహా వచ్చింది. గుంటలన్నీ పుట్టీతో నింపి, ఆరాక గరుకు కాగితంతో రుద్దింది. రంగు కోసం నాలుగు దుకాణాలు తిరగలేదు. ఒకే దుకాణానికి వెళ్ళి, కలపడం తప్పి ఎవరో తిప్పి పంపేసిన డబ్బా ఏదైనా ఉందా అని అడిగింది. ఉంది. లేత పసుపు కావాలని అడిగినవాళ్ళకి ఒక పాలు ఎక్కువ పసుపు పడిపోయిందట. సగం ధరకి ఇచ్చారు. కిటికీకి ఎదురుగోడ మీద వేసి చూస్తే, పొద్దుటి వెలుతురు ఆ గోడ మీద పడి గది మొత్తం పెద్దదైనట్టు కనిపించింది. పని ఆపి కాసేపు చూస్తూ నిలబడింది.

సామాన్ల గదిలోంచి ఇనుప మంచం లాక్కొచ్చి తుప్పు గీకింది. నూనె డబ్బా ఒకటి బోర్లించి రంగు వేసి, మంచం పక్కన బల్లలా పెట్టింది. మంచానికి తలవైపు ఏమీ లేక బోసిగా ఉంది. కత్తిరింపుల బల్ల నిలబెడితే సరిగ్గా సరిపోతుందన్న ఆలోచన కూడా ఆమెకే వచ్చింది. నాలుగు రోజులే కదా. పాత దుప్పటి మెత్తగా మడిచి ఆ తలుపు చెక్కకి చుట్టి, పైన గుడ్డ తొడిగి, రెండే రెండు స్క్రూలతో గోడకి నిలబెట్టింది. ఇక మిగతా యూనిఫారాలు నేల మీద కూర్చుని కత్తిరించింది. మోకాళ్ళు పట్టేశాయి.

బట్ట మిల్లు దుకాణంలో దొరికింది. తాను చివర మిగిలిన ముక్క, ముదురాకుపచ్చ మీద సన్నటి చారలు. అలాంటి బట్టతో ఒక చిక్కుంది. వేలాడితే సాగుతుంది. తొందరపడి ముందే అంచు కుట్టేస్తే, వారం తిరక్కుండా కర్టెన్ నేల ఊడుస్తుంది. అందుకని పనితెలిసినవాళ్ళు ముందు చేత్తో టాకాలు వేసి వేలాడదీస్తారు. పొడుగాటి కుట్లు, లోపలి వైపు, తెల్లదారంతో. ముడి ఒక్కచోటే ఉంటుంది. రెండు రోజులు బట్టని దాని ఇష్టానికి వదిలేసి, అప్పుడు మిషను మీద అసలు కుట్టు వేసి, ముడి కత్తిరించి లాగితే టాకా దారం మొత్తం ఒక్క ఊపున చేతికొస్తుంది.

ఆమె అలాగే చేసింది. కర్టెన్ల పైపట్టీకీ కింది అంచుకే కాదు, రెండు పన్నాలు కలిపిన దుప్పటికీ, దిండ్ల గలేబులకీ, తలవైపు చెక్కకి తొడిగిన గుడ్డకీ అన్నిటికీ టాకాలే. చారకి చార కలిసేలా వేసింది. ఇంట్లో ఆకుపచ్చ దారం లేదు, మిషనుకి యూనిఫారాల నుంచి తీరిక లేదు. గురువారం పొద్దున్న తయారైన ముప్ఫై జతలూ బళ్ళో ఇచ్చి, వస్తూ దారం కొనుక్కొచ్చి, ఒక్క బిగిన కూర్చుంటే మధ్యాహ్నానికి అయిపోతుందని లెక్క వేసుకుంది.

బుధవారం సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. లైటు వేశాడు. ఆర్పాడు. మళ్ళీ వేశాడు.

“బాగుంది,” అన్నాడు.

పెళ్ళయ్యాక ఆయన నోటివెంట ఆ మాట వచ్చిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఆమె ముఖం విప్పారింది. దానికి తరవాత తనమీద తనకే కోపం వచ్చింది, కానీ ఆ పూట మాత్రం విప్పారింది. ఆయన నాలుగు మూలల నుంచీ ఫోటోలు తీసి పక్క సీటాయనకి పంపాడు. ఆదివారం కుటుంబంతో సహా రమ్మని పిలిచాడు కూడా. అత్తగారు హాల్లో కుర్చీలోంచి మెడ చాచి చూసి, “ఆసుపత్రి వార్డులా ఉండేది, ఇప్పుడు మనుషులుండే గదిలా ఉంది” అన్నారు. ఆవిడ మెచ్చుకోలు అలాగే ఉంటుంది.

*

గురువారం పదకొండింటికి ఆమె బడి నుంచి తిరిగొచ్చింది. హెడ్మిస్ట్రెస్ ముప్ఫై జతలు లెక్క చూసుకుని, మిగతా పదీ సోమవారం ఉదయం గంట కొట్టేలోపు అందకపోతే వచ్చే ఏడు పని దుకాణానికి ఇచ్చేస్తానని నవ్వుతూనే చెప్పింది. చేతిలో ఆకుపచ్చ దారం ఉండ పట్టుకుని ఆమె గదిలోకి అడుగుపెట్టింది.

కిటికీ కింద మిషను లేదు. అక్కడ ప్లాస్టిక్ పూలకుండీ ఉంది.

ఆయన ఆ రోజు సెలవు పెట్టాడు. ఎదురింటి వాచ్‌మన్‌ని సాయం పిలిచి, మిషను హాలు దాటించి, డాబా మెట్ల కింద పెట్టించాడు. చెప్పులూ, ఖాళీ గ్యాసు బండా, చీపుళ్ళూ ఉండే చోటు. మెట్లు ఏటవాలుగా దిగుతాయి కాబట్టి స్టూలు వేసుకుని కూర్చుంటే తల నాలుగో మెట్టుకి తగులుతుంది. ఆమె కూర్చుని చూసింది. తగిలింది. తొక్కుడు బల్ల తొక్కితే చక్రం కదల్లేదు. తోలు బెల్టు లేదు.

“బెల్టేదండీ?”

ఆయన కాస్త ఆలోచించి, సామాన్ల గదిలో మిగిలిన ఇంకో పాత పరుపు చుట్ట కట్టడానికి తాడు దొరకలేదని, అది వాడామని చెప్పాడు. పరుపు అటక మీద ఉంది. ఆమె స్టూలెక్కి చూసింది. పరుపుకి కావలసినదానికన్నా పొడుగుందని బెల్టుని రెండుగా కోసి మరీ కట్టారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా గొంతు పెంచలేదు. చుట్టాలు వెళ్ళాక మిషను మళ్ళీ గదిలోకి వస్తుందిగా అని మాత్రం అడిగింది.

“మళ్ళీ ఎందుకు?” ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “నువ్వే ఇంత బాగా చేశావు. మళ్ళీ అందులో దారాలూ పేలికలూ పోసుకుంటామా? ఇలాగే ఉంచేద్దాం.”

ఏరు దాటి తెప్ప తగలెయ్యడం వినే ఉన్నాం. తెప్ప కట్టినదాన్నే అగ్గిపెట్టె అడగడం ఈయనకే చెల్లింది. ఆమె చేతిలో దారం ఉండ వేళ్ళ మధ్య నలిగింది.

“అవి ఇంకా అవలేదు. మిషను మీద...”

“ఏం అవలేదు? అంతా అయిపోయింది కదా. అయిపోయినదాన్ని కెలక్కు. నీకు బాగున్నదాన్ని బాగుండనివ్వడం చేతకాదు,” అని ఆయన పూలకుండీ అటు నుంచి ఇటు జరిపాడు.

ఇంకోసారి అడిగితే చెబుదామనుకుంది ఆమె. ఆయన అడగలేదు.

మధ్యాహ్నం వెళ్ళి కొత్త బెల్టు కొనుక్కొచ్చి బిగించుకుంది. మెట్ల కింద బల్బు కూడా లేదు. బూడిద బట్ట మీద బూడిద దారం. రెండు లాగులు కుట్టి వెలుగులోకి తెచ్చి చూస్తే ఒకదాని జేబు పక్కకి ఒరిగిపోయింది. తొమ్మిదేళ్ళలో ఆమె చేతి కింద జేబు ఒరగడం అదే మొదలు. గుమ్మంలో కూర్చుని ఆ కుట్టంతా బ్లేడుతో విప్పింది. పక్కనే అత్తగారు పత్రిక చదువుతున్నట్టు కూర్చుని, పేజీ తిప్పకుండా ఆమె చేతుల వంక చూస్తూ ఉన్నారు. ఆవిడ ఏమీ అనలేదు. అననందుకు ఆమెకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

*

శుక్రవారం నాలుగింటికి చుట్టాలు దిగారు. వాళ్ళ ఆటో చప్పుడు విని ఆయన ఆమెకేసి తిరిగి, “ఆ టేపు తీసెయ్, చుట్టాల ముందు” అన్నాడు. ఆమె తీసి కుర్తా జేబులో వేసుకుంది.

బావగారు భారీ మనిషి, మాట మాత్రం పొదుపు. ఆయన భార్య, అంటే ఆమె అక్కా అని పిలిచే తోడికోడలు, వచ్చినప్పుడల్లా మొగుడి పంట్లాములు నాలుగు మూటకట్టి తెస్తుంది. ఆయన నడుము ఏటా అంగుళం పెరుగుతుంది, ఆ అంగుళాన్ని ఈమె ఏటా వదులుతుంది. లోపలికి రాగానే అక్క ఆ మూట చేతికిచ్చి, “ఇదేంటి, మెడ బోసిగా ఉంది, టేపేది?” అని అడిగింది. ఆమె కాఫీ పెట్టడానికి వెళ్ళిపోయింది.

కాఫీ ట్రేతో ఆమె గదిలోకి వచ్చేసరికి ప్రదర్శన సగంలో ఉంది. బావగారు కొత్త దుప్పటి మీద కూర్చున్నారు. అత్తగారు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డారు. భర్త స్విచ్చి మీద చెయ్యేసి చెబుతున్నాడు. ఐడియా తనదేనట. ఖర్చు చెబితే నమ్మరట. డబ్బు కాదు, బుర్ర ఉండాలట. గోడ రంగు చూడమన్నాడు, తలవైపు మెత్తటి చెక్క తట్టి చూపించాడు, అలాంటివి బయట కొంటే ఎంతవుతుందో అంచనా వేయమన్నాడు.

“మరి మిషనేది?” అంది అక్క.

“మెట్ల కింద పెట్టేశాం వదినా. ఇంక ఇది గెస్ట్ రూమే. ఆవిడ పనికి గదెందుకు, ఏ మూలైనా కుట్టుకోవచ్చు.”

“మెట్ల కింద వెలుతురు ఉంటుందా?”

“పిల్లల లాగులే కదా వదినా,” ఆయన నవ్వాడు. “వాటిని చూసి కుట్టాలా ఏంటి?”

ఆమె ట్రేని నూనె డబ్బా బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు. జేబులోంచి దారం కత్తిరించే చిన్న కత్తెర తీసి, కిటికీ దగ్గరికి వెళ్ళింది. చెయ్యి చాచి కర్టెన్ పై అంచు తిరగేసి, ముడి ఎక్కడుందో వెతక్కుండానే పట్టుకుంది. కత్తిరించింది. దారం కొస వేలికి చుట్టుకుని లాగింది.

తెల్లదారం గట్టిగా, నిదానంగా, బారెడు తరవాత బారెడు వచ్చింది. రింగులున్న పైపట్టీ కడ్డీ మీదే ఉండిపోయింది, కింద బట్టంతా జారి ఆమె చేతి మీద పడింది. దాన్ని అంచుకి అంచు కలిపి మడిచి కిటికీలో పెట్టింది. రెండో కర్టెన్ దగ్గరికి వెళ్ళింది.

“ఏయ్, ఏం చేస్తున్నావ్?” అన్నాడు ఆయన. స్విచ్చి మీద చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

ఆమె రెండోది కూడా మడిచింది. గదిలోకి సాయంత్రపు వెలుతురు అడ్డులేకుండా వచ్చింది.

“బావగారూ, ఒకసారి లేస్తారా.”

బావగారు లేచి, ట్రేలోంచి కాఫీ కప్పు తీసుకుని గోడ పక్కన నిలబడ్డారు. దుప్పటి మధ్యనుంచి దారం సర్రున వచ్చింది. ఒక దుప్పటి రెండు బట్టముక్కలయింది. గలేబులు నాలుగు ముక్కలయ్యాయి.

“పిచ్చి పట్టిందా నీకు? కుట్టినవి చింపేస్తున్నావా?”

“చింపడం లేదు. కుట్టనే లేదండీ, టాకాలు వేశాను. కుట్టడానికి నిన్న కూర్చుందామని వచ్చాను. మిషను లేదు.”

“మరి చెప్పాలి కదా!”

“చెప్పబోయాను. అయిపోయినదాన్ని కెలక్కు అన్నారు.”

“కుట్టినట్టే కనబడింది కదా!”

“చూడ్డం వచ్చినవాళ్ళకి అలా కనబడదు,” అంది ఆమె.

తలవైపు చెక్కకి తొడిగిన గుడ్డ ఊడదీసి, పాత దుప్పటి విప్పేసరికి లోపలి తలుపు బయటపడింది. దాని నిండా సుద్దగీతలు, కత్తెర మొన గాట్లు, ఒక మూల అంగుళాల గుర్తులు. బావగారు దగ్గరికి వచ్చి ఆ గాట్ల మీద బొటనవేలు రాసి చూశారు.

“నా పంట్లాములన్నీ దీని మీదేనా వదులు చేసింది?” అన్నారు.

ఆమె తల ఊపింది. చేతిలో టాకా దారాలు ఉండలా చుట్టుకుంది. పాత దారం టైలర్లు పారెయ్యరు. అప్పుడు భర్త వైపు తిరిగింది.

“మిషను ఒక్కదాన్నీ మొయ్యలేను. నిన్న వాచ్‌మన్‌తో కలిసి మోశారుగా. ఒక చెయ్యి వెయ్యండి.”

ఆయన అన్నగారి ముఖం చూశాడు. అన్నగారు కాఫీ తాగుతున్నారు. వదిన ముఖం చూశాడు. ఆవిడ ప్లాస్టిక్ పూలకుండీ ఎత్తి దారిలోంచి తీస్తోంది. గుమ్మంలో అత్తగారు కొడుక్కి దారిచ్చి పక్కకి జరిగి, ఎవరితోనూ కాకుండా, “సొమ్మొకడిది, సోకొకడిది” అన్నారు.

మిషను ఒక వైపు ఆమె పట్టుకుంది, ఇంకో వైపు ఆయన. చుట్టాల కోసం వేసుకున్న కొత్త చొక్కాకి చక్రం నూనె మరక అంటింది. నిన్న హాల్లోంచి వెళ్ళిన దారినే వెనక్కి వచ్చారు. కిటికీ కింద నేల మీద తొమ్మిదేళ్ళుగా పడ్డ నాలుగు కాళ్ళ గుంటలు అలాగే ఉన్నాయి. ఆయన తన వైపు కాళ్ళు రెండూ గుంటల్లో కూర్చునేదాకా ఆమె తన వైపు దించలేదు.

*

చుట్టాలకి తమ పడకగది ఇచ్చారు. అత్తగారి గదిలో ఆమె పడుకుంది. ఆయన హాల్లో సోఫా మీద సర్దుకున్నాడు. సోఫా ఆయనకన్నా ఒక జానెడు పొట్టి.

శనివారం ఎనిమిదింటికే బల్ల స్టాండ్ల మీదకెక్కింది, టేపు మెడలోకెక్కింది, మిషను మోగుతోంది. ఒరిగిన జేబుని సరిచేసి ఆమె నాలుగో జత మొదలుపెట్టింది. ఇనుప మంచం మీద ఉత్త పరుపు పైన అక్క కూర్చుని గుండీలు కుడుతోంది. ఎవరూ కుట్టమనలేదు, తనే డబ్బా ముందుకు లాక్కుంది. ఆకుపచ్చ బట్టలు మడత నలక్కుండా అరలో, అన్నిటికన్నా అడుగున ఉన్నాయి.

ఆయన కాఫీ కప్పుతో వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. కాసేపు మిషను వంక, కాసేపు పసుపు గోడ వంక చూశాడు. పక్క సీటాయన రేపు కుటుంబంతో వస్తున్నాడని ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు.

“అవి ఎప్పుడవుతాయి?” అన్నాడు చివరికి.

ఆమె మిషను ఆపింది. బల్ల మీంచి చీటీల పుస్తకం తీసుకుంది. వచ్చినవాళ్ళందరినీ అడిగినట్టే, అదే గొంతుతో అడిగింది.

“ఏమేం ఉన్నాయి?”

ఆయన ఆమె ముఖంలో నవ్వు కోసం వెతికాడు. దొరకలేదు.

“కర్టెన్లు రెండు,” అన్నాడు. “దుప్పటి ఒకటి. ఆ... గలేబులు.”

“గలేబులు రెండు,” అంటూ ఆమె రాసింది. పేరు దగ్గర కలం ఆగింది. ఒక్క క్షణం ఆలోచించి ‘గెస్ట్ రూము ఆయన’ అని రాసింది. ఇచ్చే రోజు దగ్గర ‘బడి తెరిచాక, వరస ప్రకారం’ అని రాసింది. ఆకుపచ్చ బట్ట అంచున గోరంత ముక్క కత్తిరించి, చీటీ సగానికి పిన్నుతో గుచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“పారేసుకోకండి. చీటీ లేకపోతే బట్టలివ్వను.”

ఒక చేతిలో కాఫీ, ఇంకో చేతిలో చీటీ పట్టుకుని ఆయన అక్కడే నిలబడ్డాడు. ఆమె అప్పటికే సూది కింద బట్ట సర్దుతూ, బూడిద దారం ఎక్కడ పడుతోందో కనబడక తలెత్తింది.

“కాస్త పక్కకి జరగండి. వెలుతురుకి అడ్డంగా ఉన్నారు.”

ఆయన జరిగాడు.